కామెంటరీ అర్థం కావాలంటే ముందు బ్యాటు చూడండి

మా స్కూల్లో క్రికెట్ ఆడే పిల్లలు పుల్‌ని స్వీప్ అంటారు, స్వీప్‌ని హుక్ అంటారు. తెలుగు కామెంటరీ పెట్టుకున్నా లాభం లేదు, అందులోనూ ఇవే మాటలు. నిఘంటువు తీస్తే పుల్ అంటే లాగడం, కట్ అంటే కోయడం, హుక్ అంటే కొక్కెం. దాన్నిబట్టి బంతి ఎటు పోయిందో ఎవరికి తెలుస్తుంది? పీఈటీగా నేను వాళ్లకు చెప్పేది ఒకటే: పేరు తర్వాత, ముందు బ్యాటు చూడండి.

బ్యాటు నిలువుగా వచ్చిందా, అడ్డంగా వచ్చిందా? నిలువుగా వచ్చి, బంతి బౌలర్ పక్కనుంచో కవర్స్ (ఆఫ్ సైడు, అంటే నిలబడ్డ బ్యాటర్ ఛాతీ ఉన్న వైపు, కాస్త ముందు) మీదుగానో పోతే డ్రైవ్. బ్యాటు అడ్డంగా వస్తే బంతి ఎంత ఎత్తులో ఉందో చూడాలి. ఆఫ్ సైడు దూరంగా లేచిన బంతిని పాయింట్ (ఆఫ్ సైడులో బ్యాటర్‌కి సరిగ్గా ఎదురుగా) వైపు కొడితే కట్. నడుము, ఛాతీ ఎత్తులో వచ్చినదాన్ని లెగ్ సైడుకు, అంటే బ్యాటర్ వీపు ఉన్న వైపుకు లాగితే పుల్. తల ఎత్తుకు వచ్చిన బంతిని వెనక్కి, ఫైన్ లెగ్ వైపు తిప్పితే హుక్. మోకాలు నేలకు ఆనించి, స్పిన్నర్ బంతిని చీపురుతో ఊడ్చినట్టు ఊడిస్తే స్వీప్. ఇవేవీ చూసుకోకుండా బలమంతా పెట్టి మిడ్‌వికెట్ (లెగ్ సైడులో కాస్త ముందు) మీదుగా ఊపేస్తే స్లాగ్. మా పిల్లలకు బాగా వచ్చిన షాట్ ఇదే!

ఫ్లిక్‌లో పని మణికట్టుది. బ్యాటు నిలువుగానే వస్తుంది, చివర్లో ముఖం తిరుగుతుంది. ఇది హైదరాబాద్ సొత్తు అని నా అభిప్రాయం. ఆఫ్ స్టంప్ బయటి బంతిని కూడా అజారుద్దీన్ మిడ్‌వికెట్ వైపు తిప్పేవాడు. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ చేసిన 281 హైలైట్స్ చూడండి. లెగ్ స్టంప్ బయట పిచ్ గరుకుగా అరిగిన చోట పడి తిరుగుతున్న ఆస్ట్రేలియా స్పిన్నర్ వార్న్ బంతుల్ని ఓసారి కవర్స్‌కి, ఓసారి మిడ్‌వికెట్‌కి పంపుతాడు. మొదటిసారి సౌండ్ ఆపేసి చూస్తూ ఒక్కో షాట్ పేరు మీరే చెప్పండి. తర్వాత సౌండ్ పెట్టి సరిచూసుకోండి.

స్వింగ్ దగ్గర జాగ్రత్త. బ్యాట్ స్వింగ్ అంటే బ్యాటు ఊపిన తీరు. బంతి స్వింగ్ అయిందంటే మాత్రం గాల్లోనే పక్కకు వంగిందని. నేల తాకాక కుట్టు మీద పడి పక్కకు జరిగితే అది సీమ్. కొత్త బంతి కుట్టు ఎటు చూస్తుంటే మామూలుగా అటే వంగుతుంది. ఒక పక్క నునుపుగా, ఇంకో పక్క గరుకుగా అరిగిన పాత బంతి మంచి వేగంలో నునుపు వైపుకి తిరిగితే రివర్స్ స్వింగ్. 2023 ఆసియా కప్ ఫైనల్లో సిరాజ్ 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50కే కూల్చిన స్పెల్ పెట్టుకుని, బంతి గాల్లో వంగిందా, పడ్డాక జరిగిందా అని ఒక్కో బంతికీ చెప్పుకుంటూ పోండి. కుట్టు లేని టెన్నిస్ బంతితో ఇది చూపించలేం. సగం వరకు ఇన్సులేషన్ టేపు చుడితే అదీ వంగుతుంది.

కొట్టడానికి సంబంధించిన మాటల్లో కొన్ని తిరకాసువి. బీటెన్ అంటే ఎవరూ ఏమీ కొట్టలేదు, బంతి బ్యాటుకు తగలకుండా పోయింది. నిక్ అంటే అంచుకు సన్నగా తగిలింది. గుడ్ నాక్ అంటే మంచి ఇన్నింగ్స్. నాకింగ్ మాత్రం వేరు: కొత్త బ్యాటుకు నూనె రాసి, చెక్క సుత్తితో తట్టి గట్టిపరచడం.

స్ట్రైక్ అంటే మనకు ముందు సమ్మె గుర్తొస్తుంది. ఇక్కడ స్ట్రైక్‌లో ఉన్నాడంటే బంతి ఎదుర్కొనేది అతనే. సింగిల్ తీసి అవతలి ఎండ్‌కి పోతే స్ట్రైక్ రొటేట్ చేశాడు. స్ట్రైక్ రేట్ అయితే బ్యాటర్‌కి ఒకటి, బౌలర్‌కి ఒకటి. 20 బంతుల్లో 30 కొట్టిన బ్యాటర్‌ది 150, అంటే వంద బంతులకు అన్ని పరుగులు. 24 బంతులేసి 2 వికెట్లు తీసిన బౌలర్‌ది 12, అంటే వికెట్‌కి పన్నెండు బంతులు. బ్యాటర్‌కి ఎంత పెరిగితే అంత మంచిది, బౌలర్‌కి ఎంత తగ్గితే అంత.