లైవ్ షోకి వెళ్తున్నారా? హాల్లో సంగీతాన్నీ కామెడీనీ పూర్తిగా ఆస్వాదించడం ఎలా?

హైదరాబాద్ రవీంద్రభారతిలో సుమారు వెయ్యి మంది కూర్చోవచ్చు. మాదాపూర్ శిల్పకళా వేదికలో దాదాపు రెండున్నర వేల మంది పడతారు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖ కళాభారతి కూడా ఇలా మధ్యరకం హాళ్లే. స్టేడియంలో అయితే కళాకారుడిని తెర మీదే చూడాలి. ఇక్కడ ముఖం నేరుగా కనిపిస్తుంది, మన నవ్వూ చప్పట్లూ స్టేజీ దాకా వినిపిస్తాయి. అందుకే ఇలాంటి హాల్లో షో ఎలా సాగుతుందనేది చాలావరకు ప్రేక్షకుల చేతుల్లోనే ఉంటుంది. టికెట్ కొనేటప్పటి నుంచి ఇంటికి చేరేదాకా ఏం చూసుకోవాలో వరుసగా చెబుతాను.

1. టికెట్ పేజీ చివరిదాకా చదవండి

బుక్‌మైషో లాంటి యాప్‌లో పోస్టర్ చూసి వెంటనే కొనేయకండి. కామెడీ షో అయితే ముందు భాష చూడాలి. హైదరాబాద్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింట్లోనూ షోలు జరుగుతాయి. కమెడియన్ తెలుగువాడైనంత మాత్రాన షో తెలుగులో ఉంటుందని అనుకోవద్దు. తర్వాత వయసు పరిమితి చూడండి. 16+ లేదా 18+ అని రాసి ఉంటే, పిల్లలతో వెళ్లినవాళ్లను గేటు దగ్గరే ఆపేయవచ్చు. సీటు నంబరు ఉందా, ముందొచ్చినవాళ్లకు ముందు సీటా అన్నది కూడా అక్కడే ఉంటుంది. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే దారి పక్క సీట్లు తీసుకోండి. వీల్‌చైర్ అవసరమైతే ఏ గేటు దగ్గర ర్యాంపు ఉందో నిర్వాహకులకు ముందే ఫోన్ చేసి అడగండి.

పాసులతో జరిగే ఉచిత కచేరీలకు మాత్రం ఆహ్వాన పత్రిక జాగ్రత్తగా చూడాలి. మన సభల్లో జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, సన్మానాల తర్వాతే పాట మొదలవుతుంది. చిన్నపిల్లలతోనో, ఎక్కువసేపు కూర్చోలేని పెద్దలతోనో వెళ్లేవాళ్లు అసలు కచేరీ ఎన్నింటికో కనుక్కుని వెళ్లడం మంచిది.

2. సీటు ఎంచుకునేటప్పుడు చెవుల గురించి ఆలోచించండి

చాలామంది ఎక్కువ డబ్బు పెట్టి మొదటి వరుస కొంటారు. సంగీతానికి అది అన్నివేళలా మంచి చోటు కాదు. పెద్ద స్పీకర్లు స్టేజీకి రెండు పక్కలా ఉంటాయి. ముందు వరుస మూల సీట్లో కూర్చుంటే ఒక పక్క స్పీకరే చెవిలో మోగుతుంది, రెండో పక్క శబ్దం అందదు. ముందు వరుస మధ్యలో అయితే డ్రమ్ముల చప్పుడు నేరుగా తగులుతుంది, గొంతు మాత్రం పలచగా వినిపిస్తుంది.

హాలు మధ్యలోనో, కాస్త వెనకగానో సౌండ్ ఇంజినీర్ మిక్సర్ పెట్టుకుని కూర్చుంటారు. పాట ఎలా వినిపించాలో ఆ మనిషి తన చెవులతో విని సరిచేస్తారు. కాబట్టి ఆ మిక్సర్‌కు ముందున్న నాలుగైదు వరుసల్లో, మధ్య సీట్లు దొరికితే వదలకండి. బాల్కనీ కింద బాగా లోపలికి ఉన్న వరుసల్లో శబ్దం మూసుకుపోయినట్టు ఉంటుంది. గోడకు ఆనుకున్న సీట్లలో బేస్ (గుమ్మని మోగే మంద్ర శబ్దం) మరీ ఎక్కువవుతుంది. నా దృష్టిలో మూల సీటు ముందుదైనా, వెనకున్న మధ్య సీటే మేలు.

కామెడీకి లెక్క వేరు. అక్కడ ముఖ కవళికలు కనిపించాలి, ప్రతి మాటా స్పష్టంగా అందాలి. అయిదో వరుస నుంచి పన్నెండో వరుస దాకా బాగుంటుంది. మొదటి రెండు వరుసల్లో కూర్చుంటే కమెడియన్ మీ పేరు, ఉద్యోగం అడిగే అవకాశం ఎక్కువ. దాన్ని క్రౌడ్ వర్క్ అంటారు. నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్ పడేవాళ్లు వెనక కూర్చుంటే ప్రశాంతంగా నవ్వుకోవచ్చు.

3. అరగంట ముందే చేరండి

సెక్యూరిటీ దగ్గర క్యూ, టికెట్ స్కానింగ్, సీటు వెతుక్కోవడం అన్నిటికీ సమయం కావాలి. లోపల నెట్ రాకపోవచ్చు, అందుకే టికెట్ క్యూఆర్ కోడ్ ఇంట్లోనే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. పెద్ద బ్యాగులు, బయటి తినుబండారాలు చాలాచోట్ల అనుమతించరు.

ఆరుబయట షో అయితే ఆలస్యం అసలు వద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ప్రత్యేక అనుమతి లేకపోతే షో పదింటికల్లా ముగిసిపోవాల్సిందే.

4. షో జరుగుతున్నప్పుడు

ఫోన్ సైలెంట్‌లో పెట్టడంతో పాటు వెలుగు కూడా తగ్గించండి. చీకట్లో ఒక్క స్క్రీన్ వెలిగినా వెనక మూడు వరుసల వాళ్ల చూపు అటే పోతుంది.

కామెడీ షోను దయచేసి రికార్డు చేయకండి. ఒక గంట షో తయారవ్వాలంటే కమెడియన్ అవే జోకులను నెలల తరబడి ఊరూరా చెప్పి, మాట మాటా మార్చుకుంటూ పోవాలి. ఆ సగం తయారైన జోకు మీ క్లిప్ ద్వారా బయటికొస్తే, రేపటి ప్రేక్షకులకు పంచ్ ముందే తెలిసిపోతుంది. ఆ కష్టమంతా వృథా అవుతుంది. మధ్యలో కామెంట్లు విసరడమూ అంతే. కమెడియన్ అడిగితే జవాబు చెప్పండి, అడగకపోతే నవ్వండి.

శాస్త్రీయ కచేరీలో తని ఆవర్తనం (పాట ఆగి మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) మొదలవగానే కొందరు లేచి బయటికి వెళ్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మృదంగం, ఘటం వాయించేవాళ్లకు ఆ సాయంత్రం మొత్తంలో తమదంటూ దొరికే సమయం అదొక్కటే. వెళ్లక తప్పకపోతే కీర్తనకూ కీర్తనకూ మధ్య లేవండి. తాళం వేయాలనిపిస్తే తొడ మీద చప్పుడు కాకుండా వేసుకోవచ్చు.

మాట వినిపించకపోతే ఊరికే కూర్చోకండి. విరామంలో వాలంటీర్‌కు చెప్పండి. జనం నిండాక హాల్లో శబ్దం మారుతుంది. వెనక వరుసల్లో ఎలా ఉందో చెప్పేవాళ్లుంటే ఇంజినీర్‌కు సాయమే.

5. చెవులు కాపాడుకోండి

రాక్ బ్యాండ్, డీజే షోలకు ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి. మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్స్ తక్కువ ధరే. ఇలాంటి వేదికల్లో 15 నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. పక్కనున్నవారితో అరిచి మాట్లాడాల్సి వస్తుంటే శబ్దం ఎక్కువగా ఉన్నట్టే. అప్పుడు స్పీకర్‌కు దూరంగా జరగండి, మధ్యమధ్యలో బయటికొచ్చి చెవులకు విశ్రాంతినివ్వండి. పిల్లలకైతే ఇయర్‌మఫ్స్ పెట్టాలి.

6. ఇంటికి వెళ్లే దారి ముందే చూసుకోండి

రవీంద్రభారతికి అసెంబ్లీ, లకిడికాపుల్ మెట్రో స్టేషన్లు రెండూ దగ్గరే. శిల్పకళా వేదికకైతే హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాలి. చివరి రైలు ఎన్నింటికో బయల్దేరేముందే చూసుకోండి. షో వదిలిన వెంటనే అందరూ ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తారు కాబట్టి రేటు పెరుగుతుంది. పావుగంట ఆగినా, మెయిన్ రోడ్డు దాకా నడిచినా తేడా తెలుస్తుంది.

ఆ రాత్రి చెవుల్లో గుయ్‌మని మోత ఉంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోకుండా నిశ్శబ్దంగా ఉండండి. సాధారణంగా తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఒక రోజు దాటినా తగ్గకపోతే, లేదా ఒక చెవి సరిగా వినిపించకపోతే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి.