పాత ఎంజీబీకి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టే ముందు

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు ఎంజీబీకి ఇప్పుడు ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) కిట్లు బాగానే దొరుకుతున్నాయి. చలికి చోక్ లాగి తంటాలు పడే బాధ తప్పుతుంది, నిజమే. అయితే ల్యాప్‌టాప్‌లో ట్యూనింగ్ ఎలా చేయాలన్న టెన్షన్‌లో సగమైనా పెట్రోల్ పైపుల మీద పెట్టండి. ప్రాణం మీదికి తెచ్చేవి అవే.

ఈ కారుకు వచ్చే పాత ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లకు 3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అటూఇటూ ప్రెషర్ చాలు. ఇంజెక్టర్లకు మామూలుగా 43 పీఎస్‌ఐ కావాలి. ఇంతకు ముందు చెమ్మలా ఊరిన హోస్ ఇప్పుడు పొగమంచులా చిమ్ముతుంది. పైగా ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. చిమ్మిన పెట్రోల్ నేరుగా కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాలు) మీదే పడుతుంది. అందుకే ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఒక్క పాత రబ్బరు ముక్క కూడా మిగల్చకండి. హోస్ మీద ఇంజెక్షన్ ప్రెషర్‌కు పనికొచ్చే రకమని తెలిపే ఆర్9 అచ్చు ఉండాలి. ఆర్6, ఆర్7 కార్బురేటర్లకే. ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్కకు ఆర్10 వాడాలి. పళ్లున్న మామూలు క్లిప్పులు రబ్బరును కోస్తాయి, అంచు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులే పెట్టండి. ఏ జాయింట్ విప్పాలన్నా ముందు ప్రెషర్ దించండి.

ఇంజన్ ఆగితే పంపు కూడా ఆగాలి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పితే పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మని ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే రిలే వైరింగ్ తప్పు; అది సరిచేసే దాకా స్టార్ట్ చేయొద్దు. కారు దేనికైనా గుద్దుకుంటే పంపుకు కరెంటు తెగిపోయేలా ఇనర్షియా స్విచ్ కూడా తప్పనిసరి.

మిగిలిన పెట్రోల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు కోసం ట్యాంకుకు వెల్డింగ్ చేయించాలనుకుంటే మాత్రం దయచేసి ఆగండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. కడిగేశాం కదా అని ధైర్యం చేయొద్దు. ఫిట్టింగులతో సహా సిద్ధంగా వచ్చే కొత్త ట్యాంకు కొనుక్కోవడమే మేలు.

1967 చివరి దాకా తయారైన కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి ఈసీయూ (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె) కలిపితే అది కాలిపోతుంది. ముందు నెగటివ్ కొస బాడీకి ఉండేలా (నెగటివ్ ఎర్త్) మార్చి, డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించండి. బాడీకి ఎక్కడ వెల్డింగ్ చేసినా ముందు ఈసీయూ ప్లగ్గు పీకేయండి.

ట్యూనింగ్‌లో చాలామంది గమనించనిది ఒకటుంది. 1, 2 సిలిండర్లకు కలిపి ఒకే ఇన్‌లెట్ పోర్ట్ (గాలి లోపలికి వెళ్లే దారి), 3, 4 సిలిండర్లకు ఇంకొకటి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 కాబట్టి ఒకే పోర్ట్ పంచుకునే జంట వెంటవెంటనే గాలి లాగుతుంది. ఇంజెక్టర్ టైమింగ్ కుదరకపోతే ఒక దానికి పెట్రోల్ ఎక్కువ, పక్కదానికి తక్కువ. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చూపేది సగటే. అంకె బాగానే ఉన్నా ఒక పిస్టన్ కాలిపోతూ ఉండొచ్చు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి రంగు పోల్చి చూశాకే గట్టిగా తోలండి. ఏదైనా ఒకటి తెల్లబారితే దానికి పెట్రోల్ తక్కువవుతున్నట్టే, ఆ మ్యాప్‌తో (ఈసీయూలోని పెట్రోల్ లెక్కల పట్టికతో) రోడ్డెక్కొద్దు.

మొదటి స్టార్ట్ షెడ్డు బయట, పక్కన ఇంకో మనిషి, చేతిలో పెట్రోల్ మంటలకు పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ ఉన్నప్పుడే చేయండి.