వాంకూవర్‌లో మొదటి శీతకాలం: మంచు మన దగ్గరికి రాదు, మనమే వెళ్ళాలి

కెనడా వెళ్తున్నామని చెప్పగానే ఇంట్లోవాళ్ళు ముందుగా చేసే పని మందపాటి కోటు కొనివ్వడం. మోకాళ్ళ దాకా దిగే ఆ కోటు సూట్‌కేసులో సగం మింగేస్తుంది. మీరు దిగేది విన్నిపెగ్‌లో అయితే అది ప్రాణం కాపాడుతుంది. వాంకూవర్‌లో అయితే మొదటి వారమే తడిసి బరువెక్కి, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ నాలుగు రోజులైనా ఆరదు. నాది అలాగే వేలాడింది.

పశ్చిమ తీరంలో శీతకాలం అంటే వాన. శ్రావణంలో పట్టే ముసురు నవంబరు నుంచి జనవరి దాకా వదలకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదే ఇది. ఉరుములు, మెరుపులు ఉండవు. ఐదారు డిగ్రీల చలిలో సన్నగా, ఓపికగా కురుస్తూనే ఉంటుంది. నగరంలో మంచు పడేది ఏడాదికి కొన్ని రోజులే. ఆ రోజుల్లో బస్సులు ఎత్తుల మీద జారుతాయి, ఊరంతా సగం సెలవు తీసుకుంటుంది. వాంకూవర్ నగరంలో ఇంటి ముందు కాలిబాట మీద పడిన మంచును మర్నాడు ఉదయం 10 గంటలలోగా తొలగించవలసిన బాధ్యత ఆ ఇంటివారిదే. అద్దెకుంటే ఆ పని ఎవరిదో ముందే అడిగి తెలుసుకోండి.

కాబట్టి డబ్బు పెట్టవలసింది రెండింటి మీద: నీరు చొరని, తలమీదికి టోపీ వచ్చే పైకోటు, నీరు చొరని బూట్లు. లోపల పలుచటి ఉన్ని బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే చాలు. గొడుగు ఉన్నా మంచిదే, కానీ పాతకాపులు చాలామంది గొడుగు లేకుండానే తిరుగుతారు.

వానకన్నా మనవాళ్ళను కుంగదీసేది చీకటి. డిసెంబరు చివర పగటి వెలుతురు సుమారు ఎనిమిది గంటలసేపే. ఆఫీసుకు వెళ్ళేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. విటమిన్ డి గురించి డాక్టరును అడగండి. మధ్యాహ్నం భోజన విరామంలో పావుగంటైనా బయట నడవండి. చీకట్లో రోడ్డు దాటేటప్పుడు ఒంటి మీద నల్లకోటు కాక లేతరంగు ఏదైనా ఉండటం మంచిది, వానలో డ్రైవర్లకు మనుషులు కనపడరు.

మొదటి వారం కాగితాలు

సిన్ నంబరు (ఉద్యోగానికి, పన్నులకు ప్రభుత్వం ఇచ్చే సంఖ్య), బ్యాంకు ఖాతా, ఫోను కనెక్షను గురించి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఆలస్యం చేస్తే చేతి చమురు వదిలే రెండు పనుల గురించి.

మొదటిది ఎమ్‌ఎస్‌పీ, అంటే ఈ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు ప్రభుత్వ వైద్య బీమా. దిగిన మర్నాడే దరఖాస్తు పెట్టండి. వచ్చిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు గడిస్తే గాని అది మొదలు కాదు. ఆ మధ్యకాలానికి ప్రైవేటు బీమా తీసుకోకుండా ఉండటం పిచ్చి ధైర్యం. 2020 నుంచి ఎమ్‌ఎస్‌పీకి నెలవారీ ప్రీమియం లేదు, అయితే విదేశీ విద్యార్థులు నెలకు 75 డాలర్ల రుసుము కడతారు. కుటుంబ వైద్యుడు దొరకడానికి చాలాకాలం పట్టవచ్చు. ఈలోగా ఒంట్లో బాగాలేకపోతే 811కు ఫోన్ చేస్తే రాత్రయినా పగలైనా నర్సు మాట్లాడుతుంది. పెద్దవాళ్ళకు ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీ కావాలని అడగవచ్చు. 2023 జూన్ నుంచి చిన్నచిన్న రుగ్మతలకు ఫార్మసీలో ఉండే ఫార్మసిస్టే మందు రాసివ్వగలరు. ఈ సంగతి తెలియక ఎలర్జీ మాత్ర కోసం క్లినిక్కులో మూడు గంటలు కూర్చున్నవాళ్ళను చూశాను.

రెండోది డ్రైవింగ్ లైసెన్సు. స్థిరపడటానికి వచ్చినవారు 90 రోజులలోగా, లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఐసీబీసీ దగ్గర ఇక్కడి లైసెన్సుకు మారాలి. మన దేశపు లైసెన్సును నేరుగా మార్చి ఇవ్వరు, రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాయవలసిందే. మన స్మార్ట్‌కార్డు రెన్యువల్ చేయించుకుంటే పాత తేదీ కనపడకపోవచ్చు. పదేళ్ళుగా బండి నడుపుతున్నా నిన్న నేర్చుకున్నవాడిలా లెక్కిస్తే నష్టం మనకే. బయలుదేరే ముందే ఆర్టీఏ నుంచి, మొదట ఎప్పుడు లైసెన్సు వచ్చిందో తెలిపే పత్రం ఇంగ్లీషులో తెచ్చుకోండి.

ఇల్లు, వంటిల్లు

కొత్తగా వచ్చిన మన కుటుంబాలు ఎక్కువగా వాంకూవర్ దగ్గరి సర్రీ నగరంలో బేస్‌మెంటు ఇళ్ళలో దిగుతాయి. అద్దె తక్కువ, దేశీ దుకాణాలు దగ్గర. ఇంటి యజమాని అడ్వాన్సుగా తీసుకోగలిగేది చట్టప్రకారం సగం నెల అద్దె మాత్రమే. రెండు నెలలది అడిగితే మర్యాదగా చట్టం గుర్తుచేయండి. ఇల్లు కళ్ళారా చూడకుండా, ఇండియాలో కూర్చుని, ఫోటోలు చూసి డబ్బు పంపకండి. ఎవరిదో ఇంటి ఫోటోలు ఎవరో పెట్టి అడ్వాన్సు కాజేయడం ఇక్కడ పాత మోసం.

బేస్‌మెంటులో మన వంట వండితే, బయటి వాన తేమకు లోపలి ఆవిరి తోడై గోడ మూలల్లో బూజు పడుతుంది. తాలింపు వేసినప్పుడే కాదు, అన్నం వండినా, స్నానం చేసినా ఫ్యాను వేసి ఉంచండి.

వచ్చిన కొత్తలో అందరూ అడిగే ప్రశ్న: పెరుగు ఎందుకు తోడుకోవడం లేదు? గదిలో చలి. పాలు గోరువెచ్చగా తోడుపెట్టి, గిన్నెను ఓవెనులో ఉంచి, ఓవెను వెలిగించకుండా దాని లోపలి దీపం ఒక్కటే వేసి రాత్రంతా వదిలేయండి. ఆ చిన్న బల్బు వేడికి పొద్దుటికల్లా గడ్డపెరుగు. ఇడ్లీ పిండి పులియడానికీ ఇదే ఉపాయం. కాకపోతే ఎవరూ మరిచిపోయి ఓవెను వెలిగించకుండా తలుపు మీద కాగితం అంటించండి. మా ఇంట్లో ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు లీటర్ల పిండి అలాగే కాలిపోయాయి.

కరివేపాకు, సోనా మసూరి, కందిపప్పు సర్రీలోని స్కాట్ రోడ్డు పొడవునా దొరుకుతాయి. వాంకూవర్ నగరంలో ఉంటే మెయిన్ స్ట్రీట్, 49వ ఎవెన్యూ దగ్గరి పంజాబీ మార్కెట్టుకు వెళ్ళండి. బియ్యం, పప్పుల మీద పన్ను లేదు, కానీ చాలా వస్తువులకు బిల్లు చివర 5 శాతం కేంద్రానిది, 7 శాతం రాష్ట్రానిది కలుస్తాయి. రాకముందు వేసుకున్న లెక్కలన్నీ తప్పేది ఇక్కడే.

కొండల మీదికి

ఇక అసలు విషయానికి వస్తాను. ఊళ్ళో వాన పడుతున్నప్పుడే ఉత్తరాన గ్రౌస్, సైప్రస్, సీమోర్ కొండల మీద మంచు పడుతుంది. ముప్పావుగంట ప్రయాణంలో వాన మంచుగా మారిపోయే ఊళ్ళు ప్రపంచంలో ఎన్నో లేవు. ఇంత దగ్గర పెట్టుకుని, శీతకాలమంతా దుప్పటి కప్పుకుని ఫోను చూస్తూ కూర్చునేవాళ్ళను చూస్తే నాకు జాలికన్నా కోపం ఎక్కువ వస్తుంది.

కారు లేకపోయినా ఫరవాలేదు. వాటర్‌ఫ్రంట్ స్టేషనులో సీబస్ అనే పడవ ఎక్కితే 12 నిమిషాల్లో బరార్డ్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ దాటి లాన్స్‌డేల్ కీలో దిగుతారు. అక్కడినుంచి 236 నంబరు బస్సు గ్రౌస్ కొండ పాదం దాకా తీసుకెళ్తుంది. అంతా ఒకే కంపాస్ కార్డుతో. శనాదివారాల్లో, మామూలు రోజుల్లో సాయంత్రం 6:30 తరవాత ఎంత దూరమైనా ఒకే జోను చార్జీ, అంటే అన్నిటికన్నా తక్కువది. పన్నెండేళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు. కొండపైకి వెళ్ళే రోప్‌వేకు మాత్రం టికెట్టు ఖరీదెక్కువ, దానికి సిద్ధపడి వెళ్ళండి.

మొదటిసారే స్కీయింగ్‌కు దిగకండి. అద్దె సామాను, లిఫ్టు టికెట్టు, పాఠం కలిపితే జేబు ఖాళీ అవుతుంది, పడితే మోకాలు పోతుంది. పిల్లలుంటే రబ్బరు ట్యూబు మీద కూర్చుని వాలు జారే ట్యూబింగ్‌తో మొదలుపెట్టండి. పెద్దలకైతే స్నోషూ నడక. బూట్ల కింద వెడల్పాటి చట్రం కట్టుకుంటే కాలు మంచులో కూరుకుపోదు, నడక వచ్చిన ఎవరైనా నడవగలరు. సీమోర్ మీద డాగ్ మౌంటెన్ దారి కొత్తవారికి బాగుంటుంది. రానూపోనూ సుమారు 5 కిలోమీటర్లు, చివర బండరాళ్ళ మీదినుంచి నగరమంతా కనిపిస్తుంది.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు చేయగూడనివన్నీ చేశాం. జీన్స్ ప్యాంట్లు, నూలు మేజోళ్ళు. అరగంటకే ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి, బిగుసుకుని, రేకులా చప్పుడు చేసింది. పైకి చేరాక పులిహోర డబ్బా తెరిస్తే వేరుశనగ నూనె తెల్లగా పేరుకుపోయి, మెతుకులు చింతగింజల్లా ఉన్నాయి. నా భార్య మూత తీసి పట్టుకున్న క్షణంలో ఎక్కడినుంచో బూడిదరంగు పిట్ట ఒకటి వచ్చి ఆ మూత అంచు మీదే వాలి, ఎంతో పరిచయం ఉన్నట్టు మా మొహాల్లోకి చూసింది. కెనడా జే అంటారు దాన్ని. మనిషి అంటే భయం లేదు, చేతిలోది కాజేయడానికి సిగ్గూ లేదు. దానికి మెతుకులు వేయకండి, ఈ పార్కుల్లో జంతువులకు, పక్షులకు తిండి పెట్టడం తప్పు. ఆ తరవాత నుంచి మాతో వచ్చేది ఫ్లాస్కులో వేడి మిరియాల చారు. కొండ మీద ఆ చారు రుచి ఇంట్లో రాదు.

ఒకటి మాత్రం నవ్వులాట కాదు. ఈ కొండలు ఊరికి ఇంత దగ్గర కావడమే ప్రమాదం. పార్కింగులో ఫోను సిగ్నలు ఉంటుంది, కొండ అవతలి వైపు ఉండదు. మధ్యాహ్నం ఆలస్యంగా బయలుదేరితే తిరిగి వచ్చేలోపే చీకటి. గుర్తులు లేని దారిలో దిగితే లోయల్లో చిక్కుకుంటారు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. చిన్న టార్చి, పొడి మేజోళ్ళు, తినడానికి ఏదైనా సంచిలో ఉండాలి. దారి తప్పితే వెంటనే 911కు ఫోన్ చేయండి, బిల్లు వస్తుందేమోనని ఆలోచించకండి. నార్త్ షోర్ రెస్క్యూ బృందంవారు స్వచ్ఛంద సేవకులు, డబ్బు తీసుకోరు. ఆలస్యంగా పిలిస్తేనే వారికి కష్టం.

కారులో వెళ్ళేవారికి: అక్టోబరు 1 నుంచి వసంతం దాకా విస్లర్ వెళ్ళే 99వ నంబరు రహదారి మీద, ఈ కొండదారుల మీద శీతకాలపు టైర్లు తప్పనిసరి. టైరు పక్కన ఎమ్ అండ్ ఎస్ అక్షరాలో, కొండ, మంచురేకు బొమ్మో ఉండాలి, గాడి లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉండాలి. విస్లర్ సుమారు 120 కిలోమీటర్లు. 2010 శీతకాల ఒలింపిక్స్‌లో కొన్ని పోటీలు జరిగిన చోటు. స్కీయింగ్ రాకపోయినా రెండు శిఖరాలను కలిపే 4.4 కిలోమీటర్ల గొండోలా రోప్‌వే ఎక్కడానికైనా ఒకసారి వెళ్ళవచ్చు. దారిలో స్క్వామిష్ దగ్గర బ్రాకెన్‌డేల్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో చచ్చిన సాల్మన్ చేపల కోసం వందలాది తెల్లతల గద్దలు (బాల్డ్ ఈగిల్స్) నది ఒడ్డు చెట్ల మీద చేరతాయి. టికెట్టు లేదు, బైనాక్యులర్లుంటే చాలు.

వార్తలు ఎక్కడ

వచ్చిన మొదటి నెలలో చాలామంది ఫోను పాడైందనుకుంటారు. ఫేస్‌బుక్‌లో మన తెలుగు పత్రిక పేజీ తెరిస్తే ఖాళీ. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అంతే. ఫోను బాగానే ఉంది. వార్తలకు పెద్ద ఇంటర్నెట్ సంస్థలు ప్రచురణకర్తలకు డబ్బు చెల్లించాలని కెనడా 2023లో చట్టం చేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ చెల్లించనంటూ ఆ ఏడాది ఆగస్టు నుంచి ఈ దేశంలో వార్తలనే ఆపేసింది. మన పత్రికలైనా, ఇక్కడివైనా తేడా లేదు. గూగుల్ మాత్రం ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చింది. అదే ఆగస్టులో ఈ రాష్ట్రంలోని కెలోనా పక్కన కార్చిచ్చు రేగినప్పుడు జనం వార్తలు పంచుకోలేక ఎంత అవస్థపడ్డారో ఇక్కడివారు ఇంకా చెప్పుకుంటారు.

కాబట్టి తెలుగు వార్తలకు నేరుగా పత్రిక వెబ్‌సైటుకో, యాప్‌కో, యూట్యూబుకో వెళ్ళండి. మనకూ ఇండియాకూ సగం రోజుకు పైగా తేడా, అక్కడి తెల్లవారుజాము వార్తలు మనకు ముందురోజు మధ్యాహ్నం వస్తాయి. స్థానిక విషయాలకు, ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీవారి సీబీసీ వాంకూవర్ ఉచితం. 2003లో ఇక్కడే పుట్టిన ది టైయీ పత్రిక వెబ్‌లోనే వస్తుంది. పాఠకుల విరాళాల మీద నడుస్తూ అద్దెలు, అడవులు, రాష్ట్ర రాజకీయాల మీద లోతుగా రాస్తుంది. టైయీ అంటే పెద్ద చినూక్ సాల్మన్ చేప. లైబ్రరీ కార్డు ఉచితం, దానితో ఇంట్లో కూర్చునే ఎన్నో పత్రికలు చదవవచ్చు. పొద్దున వంట చేస్తూ సీబీసీ రేడియో పెట్టుకోండి, ఇక్కడి ఊరి పేర్లు పలకడం దానంతట అదే వస్తుంది. లేకపోతే ఇంగ్లీషులో Tsawwassen అని రాసే టవాసెన్ ఊరి పేరును నాలా ఏడాదిపాటు అక్షరం అక్షరం పలుకుతారు.

వాట్సాప్ గుంపుల్లో వచ్చే ‘రేపు పెద్ద తుఫాను’ సందేశాలను నమ్మి పరుగెత్తకండి. వాతావరణానికి ఎన్విరాన్‌మెంట్ కెనడావారి వెదర్‌క్యాన్ (WeatherCAN) యాప్, రహదారుల పరిస్థితికి ప్రభుత్వ వెబ్‌సైటు డ్రైవ్‌బీసీ, ఈ రెండూ ఫోనులో ఉండాలి. 2021 నవంబరు వానలకు వాంకూవర్‌ను దేశంలోని మిగతా ప్రాంతాలతో కలిపే రోడ్లన్నీ తెగిపోయినప్పుడు, ఏ దారి తెరిచి ఉందో జనం డ్రైవ్‌బీసీలోనే చూసుకున్నారు. అందులో రహదారుల పక్కన పెట్టిన కెమెరాల బొమ్మలు చూడవచ్చు. బండి తీసేముందు వాటిని చూడటం నాకు అలవాటైపోయింది.

కొండల మీది రిసార్టులవారూ ఇలాంటి కెమెరాలు తమ వెబ్‌సైట్లలో పెడతారు. శనివారం పొద్దున్నే లేచి కిటికీ తెరిస్తే ఎదుటి ఇల్లు కూడా కనపడనంత పొగమంచు ఉంటుంది. మళ్ళీ పడుకుందామనిపిస్తుంది. అప్పుడు ఫోనులో గ్రౌస్ కెమెరా తెరవండి. కొన్నిసార్లు మబ్బులన్నీ కిందే ఆగిపోయి, పైన నీలాకాశం, ఎండకు మెరిసే మంచు, పాలసముద్రంలా పరుచుకున్న మబ్బుల మీద అక్కడక్కడా శిఖరాలు కనిపిస్తాయి. మనం ఆ పాలసముద్రం అడుగున ఉన్నామన్నమాట. అలాంటి రోజు 236 బస్సు తొందరగా నిండుతుంది. చారు ముందురోజు రాత్రే కాచి ఉంచుకుంటే ఎనిమిది గంటల సీబస్ అందుతుంది.