నివురు కింద నిప్పు: డెన్వర్ వైపు పొడిగాలి రోజుల్లో జాగ్రత్తలు

అక్టోబర్ మొదటికల్లా అమెరికాలోని కొలరాడోలో డెన్వర్ చుట్టుపక్కల పగటి ఎండ 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి దిగాలి. ఒక్కో ఏడు అలా దిగదు. 85 దాకా ఎండ కాస్తూ, మబ్బుతునక లేకుండా, పడమటి కొండల మీంచి గాలి వీస్తుంటుంది. చలి మొదలయ్యేలోపు నాలుగు మంచి రోజులు దొరికాయని పిల్లల్ని పార్కుకి తీసుకెళ్తాం, పెరట్లో గ్రిల్ వెలిగిస్తాం. నేను భయపడేది ఈ రోజులకే. మన ఊళ్లలో ప్రమాదమంటే వడగాలి, లేదా తుపాను. ఇంత హాయిగా ఉన్న రోజున ఇల్లు తగలబడొచ్చని మనకి చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

కొండ దిగే గాలి ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 5 డిగ్రీల చొప్పున వేడెక్కుతూ, పొడిబారుతూ మైదానం మీదికి వస్తుంది. వేసవి వానలకి ఏపుగా పెరిగిన గడ్డి అప్పటికి ఎండి గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. గడ్డివాము దగ్గర మా తాత ఎవర్నీ బీడీ ముట్టించనిచ్చేవాడు కాదు. ఈ రోజుల్లో ఇక్కడ ఊరంతా గడ్డివామే అనుకోండి. గాలిలో తేమ 15 శాతానికి పడిపోయి, గాలి గంటకి 25 మైళ్లు దాటి విసురుతుంటే ఇక్కడి వాతావరణ శాఖ నేషనల్ వెదర్ సర్వీస్, మంట అంటుకుంటే ఆగదని చెప్పే రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఇస్తుంది. అంతకు ఒకటి రెండు రోజుల ముందు దానికి ముందస్తు సూచనగా ఫైర్ వెదర్ వాచ్ రావచ్చు. ఫోన్లో ఈ రెంటిలో ఏది కనబడినా పెరట్లో నిప్పు పని ఏదున్నా వాయిదా వేసుకోండి.

2021 డిసెంబర్ 30న డెన్వర్ దగ్గరి సుపీరియర్, లూయివిల్ ఊళ్లలో, వాటి చుట్టుపక్కల వెయ్యికి పైగా ఇళ్లు కొన్ని గంటల్లో కాలిపోయాయి. ఇద్దరు చనిపోయారు. అది అడవిలో పుట్టిన మంట కాదు, గడ్డి మంట. ఆ ఏడు వసంతంలో వానలు బాగా పడి, తర్వాత నెలల తరబడి వానలు దాదాపు లేవు. షెరీఫ్ దర్యాప్తు ఫలితం 2023లో వచ్చింది. మంట చెలరేగడానికి ఆరు రోజుల ముందు చెత్త కాల్చి మట్టి కప్పిన చోట నిప్పు, గాలికి మళ్లీ రాజుకోవడం ఒక కారణమని తేల్చారు. పట్టు ఊడిన కరెంటు తీగ రెండో కారణం కావచ్చన్నారు. నివురు కప్పిన నిప్పు అని మనం మాటవరసకి అంటాం. ఆరు రోజుల పాటు మట్టి కింద అది అలాగే ఉంది.

అందుకే నాకు అన్నిటికన్నా టెన్షన్ మన హోమాలతోనే. కొత్త ఇళ్లన్నీ ఊరి అంచున, ఎండుగడ్డి పక్కనే కడుతున్నారు. గృహప్రవేశాలూ అక్కడే. పిడకలు, సమిధలు, నెయ్యి, పూర్ణాహుతిలో వేసిన కొబ్బరి పైకి బూడిదలా కనిపిస్తూ లోపల చాలాసేపు కణకణలాడుతుంటాయి. పంతులుగారు వెళ్లగానే ఆ బూడిదని పేపర్ బ్యాగులోకో ట్రాష్ డబ్బాలోకో ఎత్తేస్తాం. అలా గ్యారేజ్ పక్కన డబ్బా పొగలు కక్కడం నేను కళ్లారా చూశాను. హోమకుండంలో నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి. తర్వాత మూత ఉన్న ఇనప డబ్బాలో వేసి, ఇంటికి, కంచెకి దూరంగా కొన్ని రోజులు ఉంచండి. చేత్తో తాకితే చల్లగా ఉండాలి. ముహూర్తం రెడ్ ఫ్లాగ్ రోజున పడితే పంతులుగారితో ముందే మాట్లాడండి. దీపారాధనతో సరిపెట్టి హోమం ఇంకో రోజు చేయించుకోవచ్చా అని అడగడంలో తప్పేమీ లేదు.

బతుకమ్మ చుట్టూ పెట్టే దీపాలకి బ్యాటరీవి వాడండి, లేదా కాంక్రీటు మీద పెట్టండి. ఇక దీపావళి. పైకి ఎగిరేవీ పేలేవీ మామూలు జనం కాల్చడం కొలరాడో చట్టం ప్రకారం నేరం. కాకరపువ్వొత్తులకి కూడా మీ ఊరి రూలు ఏంటో చూసుకోండి. కాలిన పువ్వొత్తి చువ్వని గడ్డిలోకి విసరకుండా నీళ్ల బకెట్లో వేయించండి.

కారు ఎండుగడ్డి మీద ఆపకండి, కింద సైలెన్సర్ వేడి చాలు అంటుకోవడానికి. లాన్ మోవర్ బ్లేడు రాయికి తగిలినా నిప్పురవ్వ వస్తుంది. గాలి రోజున ఆ పని పెట్టుకోవద్దు.

ఇంటి విషయానికొస్తే, గోడ చుట్టూ మొదటి అయిదు అడుగుల్లో కాలేది ఏదీ ఉంచకూడదు. మొక్కల చుట్టూ పరిచే చెక్క మల్చ్ (చెక్కపొట్టు) తీసి గులకరాళ్లు పరవండి, పైకప్పు అంచున ఉండే గట్టర్లలో ఆకులు ఎత్తేయండి. చెక్క కంచె వత్తిలాంటిది, మంటని ఇంటి నుంచి ఇంటికి మోస్తుంది. ఇంటికి ఆనుకున్న ఒక్క ముక్క తీసి ఇనప గేటు పెట్టించినా చాలా తేడా ఉంటుంది.

పాస్‌పోర్టులు, ఐ-797లు (ఇమ్మిగ్రేషన్ నోటీసులు), ఓసీఐ కార్డులు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, నాలుగు రోజుల మందులు ఒకే సంచిలో ఉండాలి. ఇల్లంతా ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. బంగారానికి మామూలు హోమ్ ఇన్సూరెన్స్ ఇచ్చేది కొంచెమే, పాలసీ తీసి చదవండి. కౌంటీ అలర్టులకి మీ సెల్ నంబరు మీరే నమోదు చేసుకోవాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మొదట వాళ్ల గురించే ఆలోచించండి. మీరు ఆఫీసులో ఉంటే వాళ్లకి కారు లేదు, ఫోన్లో వచ్చే ఇంగ్లీషు అలర్టు అర్థం కాకపోవచ్చు. ఎండుగాలికి ముక్కులోంచి రక్తం వస్తే కంగారు పడతారు. లోపల కాస్త వాజలీన్ రాసుకోమనండి, మంచినీళ్లు ఎక్కువ తాగమనండి. పొగ వాసనొస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పగలు ఇంట్లో ఉండే పక్కింటివాళ్లతో ఒకసారి పరిచయం చేయండి. గాలి రోజుల్లో కరెంటు పోవచ్చు, అప్పుడు గ్యారేజ్ తలుపు బటన్ పనిచేయదు. పైన వేలాడే ఎర్ర తాడు లాగి తలుపు చేత్తో ఎత్తడం ఈ శనివారమే వాళ్లచేత ఒకసారి చేయించి చూడండి. బరువు ఎత్తలేకపోతే, వీధి తలుపు తాళం లోపలి నుంచి ఎలా తీయాలో చూపించండి.