నాటు కుక్కకి అజిలిటీ నేర్పేది ఎట్టా
అజిలిటీ అంటే కుక్క అడ్డంకులు దూకతా, టన్నెల్లో దూరతా, కర్రల మధ్య తిరగతా పరిగెత్తే ఆట. మాది నెల్లూరు, ఇంట్లో ఉండేది నాటు కుక్కే, దాంతోనే చెప్తన్నా, దీనికి ఖరీదైన జాతి కుక్కే కావాలనేం లేదబ్బా. ఈ ఆట 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షోలో మొదలైంది, గుర్రాల జంపింగ్ పోటీలు చూసి పెట్టారు.

ముందు ఒక మాట, ఏడాది నిండని పిల్లకి ఎత్తు దూకుళ్లు వద్దు, ఎముకలు ఇంకా పెరగతా ఉంటాయి, పీవీసీ పైపుని నేల మీద పెట్టి దాటించండి చాలు. పెద్దదానికి పైపుని రెండు ఇటుకల మీద ఊరికే ఆనించండి, తగిలితే పడిపోవాలి, కట్టేశారనుకో కాలు దెబ్బ తింటది. సిమెంటు నేల మాత్రం వద్దు, ఇసుకో గడ్డో ఉండాల.

టన్నెల్ తేలికే. అడుగు తీసేసిన పెద్ద అట్టపెట్టె, అవతల మీరు కూర్చొని ఉడకబెట్టిన చికెన్ ముక్క చూపించి పిలవండి, భయం పోయాక ఇంకో పెట్టె కలపండి.

అసలు కష్టం వీవ్ పోల్సే, అంటే వరసగా పాతిన కర్రల మధ్యన కుక్క అటూ ఇటూ మెలికలు తిరగతా పోవాల! పెద్ద పోటీల్లో 12 ఉంటాయి, కర్రకీ కర్రకీ 60 సెంటీమీటర్లు, మొదటి కర్ర కుక్క ఎడం భుజం పక్కనుండేట్టు దూరాల. మేం సరుగుడు కర్రలు రెండు వరసలుగా పాతి మధ్యలో సందు వదిలాం, అందులో పరిగెత్తడం అలవాటయ్యాక కొంచెం కొంచెంగా దగ్గరికి జరిపాం, మధ్యలో మావాడు తొందరపడి ఒక్కసారే జరిపేస్తే రెండ్రోజులు కుక్క ఆ పక్కకే రాలా, మళ్లీ మొదటికొచ్చాం.

ఎండాకాలం అయితే పొద్దున ఆరున్నర లోపే, అదీ పది నిమిషాలే, తెగ రొప్పతా ఉంటే ఆపేసి నీడలో నీళ్లు పెట్టండి.