బేరియాట్రిక్ ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్: తేదీ కన్నా ముందు ఫైలు

నా ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆసుపత్రి వాళ్ళు ఇన్సూరెన్స్ ఫారంలో 160 అని రాశారు. ఆ రెండు సెంటీమీటర్లకి నా బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే, ఆపరేషన్ ఐదు వారాలు వెనక్కి పోయింది.

అప్పుడు నా బరువు 88.5 కిలోలు. 158తో లెక్కేస్తే బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె, 35.5 వస్తుంది, 160తో అయితే 34.6. ఇన్సూరెన్స్ కంపెనీ గీత 35 దగ్గరుంది. ఆ రోజు నర్సమ్మాయి నన్ను కొలవలేదు, "ఎత్తెంత మేడం?" అని అడిగింది. మెట్లెక్కొచ్చిన ఆయాసంలో "నూట అరవై ఉంటానేమో" అన్నాను. మర్నాడు సాయంత్రానికి క్యాష్‌లెస్ (కంపెనీయే ఆసుపత్రికి నేరుగా బిల్లు కట్టడం) తిరస్కరించామని మెసేజ్ వచ్చింది. అందుకే మొదటి మాటగా చెబుతున్నాను: చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని, కొలిపించుకోండి. ఎత్తు, బరువు, తేదీ, డాక్టరు సంతకం ఒకే కాగితం మీద ఉండాలి.

మాది తెనాలి. నాకు 46 ఏళ్ళు, పదకొండేళ్ళుగా షుగరు. విజయవాడలో స్లీవ్, అంటే పొట్ట సంచిని చిన్నది చేసే, ఆపరేషన్ చేయించుకున్నాను. ఆపరేషన్ కన్నా దాని కాగితాలే నన్ను ఎక్కువ ఏడిపించాయి. ఇంకొకరికి ఆ ఏడుపు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

పాలసీ పుస్తకం తీసి "ఎక్స్‌క్లూజన్స్" దగ్గర చూడండి. ఒబేసిటీ, వెయిట్ కంట్రోల్ అని 06 కోడుతో ఒక పేరా ఉంటుంది. మినహాయింపుల్లో కనబడేసరికి చాలామంది "మనకి రాదులే" అని పుస్తకం మూసేస్తారు. నేనూ రెండేళ్ళు అలాగే మూసి పెట్టాను. పూర్తిగా చదివితే అర్థం వేరు: కింది షరతులు తీరకపోతేనే ఇవ్వం అంటున్నారు. 2019లో బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఈ మాటల్ని అన్ని కంపెనీలకీ ఒకేలా ఖరారు చేసింది. ఆపరేషన్ డాక్టరు సలహా మీద జరగాలి, వైద్య ప్రమాణాలకి తగ్గట్టుండాలి, మనిషికి 18 ఏళ్ళు నిండాలి. బీఎంఐ 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. లేదా 35 గానీ ఆ పైన గానీ ఉండి, డైటింగు లాంటి తేలిక పద్ధతులు ఫలించకపోయి, వీటిలో ఒకటైనా ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోతుండడం), అదుపులో లేని టైప్ 2 షుగరు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సర్జన్ "మీకు చేయొచ్చమ్మా" అంటే ఇన్సూరెన్స్ కూడా ఇస్తుందనుకుంటాం. డాక్టర్ల లెక్క వేరు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మన ఆసియా వాళ్ళకి 27.5 దాటినా ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చంటాయి. కంపెనీ మాత్రం తన పుస్తకంలోని 35, 40 అంకెలే చూస్తుంది. 27.5కీ 35కీ మధ్య ఉన్నవాళ్ళు డబ్బు మొత్తం చేతి నుంచి పెట్టుకోవాల్సి వస్తుందని ముందే తెలుసుకోవాలి. అంకెలు మార్చి రాయించుకోవద్దు. పట్టుబడితే ఆ క్లెయిమే కాదు, పాలసీయే పోవచ్చు.

"అదుపులో లేని" అనే మాటకి రుజువు కావాలి. ఒక్క రిపోర్టు చాలదు. నాకు మూడు నెలల తేడాతో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 9.6, 9.3 వచ్చాయి. రెండూ పెట్టాం. సర్జన్ గారిని "సార్, షుగర్ ఉంది అని కాకుండా, ఏ మందులు ఎంత డోసులో వాడుతున్నా ఎంత ఉందో రాయండి" అని అడిగాను. ఆయన విసుక్కోకుండా పేజీన్నర రాశారు. గురక, పగటి నిద్ర ఉన్నవాళ్ళు స్లీప్ స్టడీ చేయించుకోండి. గంటకి 30 సార్లు, ఆ పైన శ్వాస ఆగడమో తగ్గడమో జరిగితే దాన్ని తీవ్రమైనదిగా లెక్కిస్తారు.

డైటింగు ఫలించలేదని చూపించడం అన్నిటికన్నా కష్టం. ఎవరం దాస్తాం ఆ చీటీలు? మా తమ్ముడు, "అక్కా, డైటీషియన్ చీటీ లేకపోతే పోనీ, ఏళ్ళ తరబడి చూపించుకున్న డాక్టరు గారి దగ్గర ఉండాలిగా" అని వెళ్ళి, 2021 నుంచి నా ప్రిస్క్రిప్షన్లన్నీ తీయించుకొచ్చాడు. ప్రతి చీటీ పైమూల కాంపౌండరు రాసిన బరువు ఉంది: 92, 86, 91, 88. తగ్గడం, మళ్ళీ పెరగడం. నా నాలుగేళ్ళ పాట్లు ఆ మూలల్లోనే ఉన్నాయి. వాటిని వరసగా ఒక కాగితం మీద పట్టికలా రాసి, డాక్టరు గారితో సంతకం పెట్టించాం.

వెయిటింగ్ పీరియడ్ చూసుకోండి. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బుకి గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. ఈ ఆపరేషన్‌కి విడిగా రెండేళ్ళు పెట్టే పాలసీలూ ఉన్నాయి. కంపెనీ మారినా పాత పాలసీని పోర్ట్ చేసుకుంటే, అంటే కొత్త కంపెనీకి బదిలీ చేయించుకుంటే, గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. ఉద్యోగంలో ఇచ్చే గ్రూప్ పాలసీల్లో ఈ గడువు చాలాచోట్ల ఉండదు, కానీ బేరియాట్రిక్‌కి ఇంతే అని పరిమితి పెట్టి ఉండొచ్చు. హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి.

గది విషయం తేలిగ్గా తీసుకోవద్దు. నాది 5 లక్షల పాలసీ, గది అద్దె రోజుకి 5,000 దాటకూడదు. 7,500 గది తీసుకుంటే అద్దె తేడా ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా అదే దామాషాలో కోస్తారు. మందులకీ, ఆపరేషన్‌లో వాడే స్టేప్లర్ల లాంటి పరికరాలకీ ఆ కోత వర్తించకూడదు. బిల్లులో కోసి ఉంటే అడగండి.

ఇంకొకటి. ఆపరేషన్‌కి ముందు కాలేయం చిన్నదవడానికి రెండు వారాలు ద్రవాహారం పెడతారు. నాలుగైదు కిలోలు తగ్గినా తగ్గొచ్చు. 35 అంచున ఉన్నవాళ్ళు ఆ ఆహారం మొదలుపెట్టే ముందు రోజు బరువు రాయించుకుని, ఆ తేదీతోనే ప్రీ ఆథరైజేషన్ (కంపెనీ ముందస్తు అనుమతి కోసం ఆసుపత్రి పెట్టే ఫారం) పంపించాలి.

కంపెనీ ఇవ్వనంటే, ఫోన్‌లో చెప్పిన కారణంతో ఊరుకోవద్దు. ఏ షరతు కింద కాదన్నారో రాతలో తీసుకోండి. నేను మళ్ళీ కొలిపించుకున్న ఎత్తు, చీటీల పట్టిక, సర్జన్ గారి లేఖ కలిపి రెండోసారి పంపితే అనుమతి వచ్చింది. మీకు రాకపోతే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాది లోపు బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల వరకు వాళ్ళు వింటారు.

ఇంటికొచ్చాక కూడా బిల్లులు పారేయకండి. డిశ్చార్జి తర్వాత చాలా పాలసీల్లో 60 రోజుల వరకు మందులు, పరీక్షలు ఇస్తారు. ఆ పైన బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం మన ఖర్చే. బరువు తగ్గి వేలాడే చర్మానికి చేసే ఆపరేషన్‌ని అందం కోసం అనే లెక్కలో పెడతారు, దానికి డబ్బు రాదు. నేను దాని కోసం నెలనెలా పోస్టాఫీసులో విడిగా వేసుకుంటున్నాను.