కృప, స్వేచ్ఛాచిత్తం: ఈ ప్రశ్నను ఎలా అధ్యయనం చేయాలి

రక్షణ, అంటే పాపం నుండి విడుదల, దేవుని కృప వల్లనా, మనిషి నిర్ణయం వల్లనా అని పరిశీలించేవారు ముందుగా బైబిలులో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలోని 12, 13 వచనాలను విడదీయకుండా చదవాలి. ఎందుకంటే మొదటిది భయంతో, వణుకుతో రక్షణను కొనసాగించుకోమని విశ్వాసులను ఆజ్ఞాపిస్తే, రెండవది ఆ ఇచ్ఛను, ఆ క్రియను వారిలో కలిగించేవాడు దేవుడే అంటుంది. ఒక్క వచనాన్నే పట్టుకొని వాదించడం, నా దృష్టిలో, పౌలుకు అన్యాయం చేయడమే.

తరువాత చరిత్ర చూడాలి. కృప సహాయం లేకుండానే మనిషి మంచిని ఎంచుకోగలడన్న పెలాగియస్ బోధను 418లో కార్తేజులో జరిగిన బిషప్పుల సభ ఖండించింది. 529లో ఆరెంజ్‌లో జరిగిన మరో బిషప్పుల సభ, విశ్వాసపు తొలి కదలిక కూడా కృప వల్లనే కలుగుతుందని చెబుతూనే, దేవుడు కొందరిని చెడుకు నియమించాడన్న అభిప్రాయాన్ని తిరస్కరించింది.

ప్రొటెస్టంట్ వేదాంతులైన కాల్విన్, ఆర్మీనియస్‌ల అనుచరులు ఇద్దరూ కృప అవసరమని ఒప్పుకుంటారు కాబట్టి, వారు విభేదించే చోట, అంటే మనిషి దాన్ని నిరాకరించగలడా అన్న చోట ఆగి, ఇరువురి వాదాలనూ ఓపికగా పోల్చండి.